దంగ్‌దుత్ హిందీ పాటకు నకలు కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇండోనేషియా వినోదరంగం గురించి వేసిన వ్యాసంలో దంగ్‌దుత్ సంగీతాన్ని 'హిందీ సినిమా పాటలకు నకలు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పేరును 'డాంగ్‌డట్' అని అచ్చువేశారు. రెండూ సరిచేయవలసినవే. పేరుదేముందిలే అనిపించవచ్చు గానీ, ఇంగ్లిష్ అక్షరాలు చూసి 'డట్' అంటే ఆ మాటలోని మోత కాస్తా పోతుంది. 'దంగ్', 'దుత్' అనేవి వాద్యం పలికే శబ్దాలు, మనం 'తకధిమి' అన్నట్టే. 1970ల మొదట్లో ఈ పాటలంటే చిన్నచూపు ఉన్నవాళ్లు వెక్కిరింపుగా వాడిన మాట అది. దాన్నే పాడేవాళ్లు సొంత పేరుగా చేసుకున్నారు.

హిందీ పాటల బాకీ ఉన్న మాట నిజం. అక్కడివాళ్లు దాన్ని ఎన్నడూ దాచలేదు. 'ఓర్కెస్ మెలాయు' అనే వాద్యబృందాలు మలయ్ పాటలోకి హిందీ సినిమా వరసలనూ అరబ్బు బాణీలనూ కలుపుకున్నాయి. (ఈనాటికీ తూర్పు జావా బృందాల పేర్ల ముందు కనిపించే 'ఓ.ఎం.' అంటే ఇదే.) ఎల్యా ఖదమ్ పాడిన ప్రసిద్ధమైన పాట పేరే 'బోనెకా దారి ఇండియా', అంటే ఇండియా నుంచి వచ్చిన బొమ్మ.

అయితే అది నకలు ఎందుకు కాదో వాద్యం దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. గెందంగ్ అనే ఆ జంట వాద్యాన్ని చూడగానే తబలా, డగ్గా అనుకుంటాం. పుట్టుక అదే. కానీ అక్కడ ఇప్పుడు ఎక్కువగా వాడేవాటికి తబలాకు ఉన్నట్టు నడుమ నల్లటి గుండ్రని పూత (స్యాహీ) ఉండదు, వట్టి తోలే. అందుకని తబలా మీద వేలికొసతో మోగించే సన్నని స్వరం దానిమీద పలకదు. పనితనమంతా దెబ్బలోనూ ఒత్తిడిలోనూ ఉంటుంది. పెద్దదాన్ని కొట్టి, మణికట్టు దగ్గరి అరచేతి మొదలుతో తోలును నొక్కుతూ ముందుకు జరిపితే శబ్దం కిందినుంచి పైకి జారుతుంది. అదీ 'దుత్'.

లెక్క నాలుగు దెబ్బలది. నాలుగో దెబ్బ మీద 'దంగ్', ఆ వెంటనే వచ్చే ఒకటో దెబ్బ మీద 'దుత్'. అంటే ఊపు ఆవర్తనం చివర్లో పుట్టి తర్వాతి దాంట్లోకి దూకుతుంది. మన ఆర్కెస్ట్రాల్లో తబలా వచ్చినవారు ఈ పాటలు ఎత్తుకుంటే అలవాటుగా కహర్వా తాళంలోకి, 'ధా గె న తి న క ధి న'లోకి, వెళ్లిపోతారు. బరువంతా మొదటి 'ధా' మీద పడి, అచ్చం హిందీ పాటలాగే వినిపిస్తుంది. నకలు అన్న అపోహకు ఇదీ ఒక కారణమే. దిద్దుకోవాలంటే ముందు వాద్యం పక్కనపెట్టి, రెండు, మూడు మనసులో లెక్కపెట్టుకుంటూ, నాలుగుకూ ఒకటికీ మాత్రమే చప్పట్లు చరచాలి. అది కుదిరాకే చెయ్యి తోలు మీద వేయాలి. బేస్ గిటారు వాయించేవారు మధ్యమధ్య ఖాళీలన్నీ నింపుకుంటూ పోకూడదు. రెండూ మంద్రంలోనే మోగుతాయి కనుక 'దుత్' జారుడు అందులో మునిగిపోతుంది.

ఇక గాయకుడు రోమా ఇరామా. పశ్చిమ జావాలోని తాసిక్‌మలాయాలో 1946లో పుట్టిన ఈయన తన సోనెతా బృందంతో ఈ సంగీతంలోకి ఎలక్ట్రిక్ గిటారు హోరు తెచ్చారు. డీప్ పర్పుల్ రాక్ బృందం ప్రభావం ఆ వాయింపులో తెలిసిపోతుంది. 1973లో సోనెతాను 'వాయిస్ ఆఫ్ ముస్లిం'గా ప్రకటించి నీతిబోధను నాట్యవేదిక మీదికి ఎక్కించారు. 1977 ఎన్నికల్లో ప్రతిపక్షమైన ముస్లిం పార్టీ పీపీపీ తరఫున ప్రచారం చేశాక, ప్రభుత్వ టీవీ పదకొండేళ్లపాటు ఆయనను తెరమీద కనిపించనివ్వలేదు. నకలు పాటకు ఏ ప్రభుత్వమైనా అంతగా జంకుతుందా?

తర్వాతి మలుపు తూర్పు జావాది. అక్కడి కొప్లో శైలిలో నడక వేగం పెరిగింది, పశ్చిమ జావాలోని సుండా ప్రాంతపు జైపోంగ్ నాట్యంలోని మద్దెల దెబ్బలు కలిశాయి. ఇనుల్ దారాతిస్తా అనే గాయని దొంగ వీసీడీల ద్వారానే దేశమంతా పాకింది. 2003లో ఆమె నడుము తిప్పే నాట్యాన్ని రోమా ఇరామాయే గట్టిగా వ్యతిరేకించారు. 2018 ఆసియా క్రీడల పాటను పాడింది కొప్లో గాయని వియా వాలెన్. 2022 ఆగస్టు 17న, వారి స్వాతంత్ర్య దినాన, అధ్యక్ష భవనంలో ఒక బాలుడు జావా భాషలో కొప్లో పాట అందుకుంటే మంత్రులు లేచి చిందేశారు.

మన పాఠకులకు చప్పున అర్థమయ్యే ఆచారం ఒకటి ఉంది: సవేరాన్. పద్యనాటకంలో రాగం తీస్తుంటే వేదిక ఎక్కి నోటు చేతిలో పెట్టినట్టే, అక్కడా ప్రేక్షకుడు గాయని పక్కన చిందేస్తూ నోట్లు ఒక్కొక్కటిగా అందిస్తాడు. ఒకేసారి కట్ట ఇచ్చేస్తే వేదిక మీద నిలబడే వ్యవధి ఉండదు కదా. ఆ డబ్బులో గాయనికెంత, బృందానికెంత అన్నది ముందే మాట్లాడుకోకపోతే కార్యక్రమం అయ్యాక పేచీ తప్పదు.

వచ్చే ఆదివారం సంచికలో సవరణ వేసి, పేరును 'దంగ్‌దుత్' అని ముద్రించగలరని కోరుతున్నాం.

ఇట్లు,
సంగీతాభిమానులైన మీ పాఠకులు,
రాజమహేంద్రవరం