ఇంటర్న్‌షిప్పా, చందాల వసూలా?

సంపాదకుల వారికి, నమస్కారం.

పోయిన వారం జిల్లా పేజీలో మీరు వేసిన ఫొటో వార్త గురించి ఈ ఉత్తరం. చూసిన రోజే రాయాల్సింది, పన్ను రిటర్నుల పనిలో పడి ఆలస్యమైంది. డిగ్రీ పిల్లలు పెద్ద పెద్ద స్వచ్ఛంద సంస్థల్లో 'కార్పొరేట్ ఫండ్ రైజింగ్' ఇంటర్న్‌షిప్ చేసి లక్షలు సేకరించారనీ, ఇది జిల్లాకే గర్వకారణమనీ వేదిక మీది పెద్దలంతా అన్నారట. శాలువాలు, మెమెంటోలు, వెనక ఫ్లెక్సీ. డబ్బు తెచ్చిన పిల్లలేమో చివరి వరసలో, అధికారుల భుజాల సందుల్లో సగం సగం ముఖాలతో కనిపిస్తున్నారు. అది మనకు మామూలే, వదిలేయండి. ఆ లక్షలు ఎవరి జేబులోంచి వచ్చాయని మీ విలేకరి ఒక్క మాటైనా అడగలేదే, నా బాధ అదీ.

నేను చెప్తాను. నా జేబులోంచి వచ్చాయి. మా వీధి చివర కిరాణా కొట్టాయన జేబులోంచి వచ్చాయి. ఆ పిల్లల మేనమామలు, చిన్నాయనలు, ట్యూషన్ సార్లు తలా ఇంత ఇచ్చారు. ఇందులో కార్పొరేట్ ఎక్కడుందో ఆ వేదిక మీది పెద్దలే వెతికి పెట్టాలి.

మా చెల్లెలి కూతురు ఇక్కడే బీకాం చదువుతోంది. వేసవిలో బెంగళూరులో ఆఫీసున్న ఒక పెద్ద సంస్థలో ఇంటి నుంచే చేసే ఇంటర్న్‌షిప్ దొరికింది. పేరు చెబితే అందరూ గుర్తుపట్టే సంస్థే, అందుకే చెప్పను. మొదట్లో పని చూసి నేనే ముచ్చటపడ్డాను. కంపెనీల వార్షిక నివేదికలు తెరిచి, మూడేళ్ల నికర లాభం చూసి, సగటు తీసి, చట్టప్రకారం సమాజానికి ఖర్చు పెట్టాల్సిన సీఎస్ఆర్ వాటా, అంటే అందులో రెండు శాతం, ఎంతో షీట్‌లో వేసేది. ఏ కంపెనీ చదువులకు ఇస్తుంది, ఏది తాగునీటికి ఇస్తుంది, పోయినేడు ఎవరికి ఇచ్చింది, అక్కడ సీఎస్ఆర్ చూసేది ఎవరు అన్నీ రాసుకునేది. కంపెనీ అడిగితే పంపాల్సిన కాగితాలు కూడా ఆ పిల్లే సర్దేది: సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఎ, దాతకు పన్ను మినహాయింపునిచ్చే 80జి, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి నమోదైన సీఎస్ఆర్-1 నంబరు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు. వీటిలో ఏది ఎందుకు అడుగుతారో నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకే సరిగా తెలీదు, ఈ పిల్ల గడగడా చెప్పేస్తోంది. ఒకరోజు ఒక కంపెనీకి ఫోన్ చేస్తే, "ఈ ఏడాది ప్రాజెక్టులు మా బోర్డు ఎప్పుడో ఖాయం చేసేసిందమ్మా, వచ్చే ఏడాదికి ఇప్పుడే ప్రపోజల్ పెట్టుకోండి" అన్నారట. ఆ ఒక్క ఫోన్‌లో తెలిసింది సెమిస్టర్ పాఠంలో రాదు. ఇంటర్న్‌షిప్ అంటే ఇదీ అనుకున్నాను.

అంతలో వాళ్ల వాట్సాప్ గ్రూపులోకి ఇంకో మేనేజర్ దిగాడు. తలా ఇరవై వేల టార్గెట్. ఒక్కొక్కరి పేరున ఒక లింకు. ముందు ఇంట్లోవాళ్లు, తర్వాత బంధువులు, తర్వాత స్నేహితులు, ఆ తర్వాత నాన్న పనిచేసే చోట అని ఎవరిని ఏ వరసలో అడగాలో కూడా రాసిచ్చారు. టార్గెట్ అందితేనే సర్టిఫికెట్. దాటితే వసూలైన దానిలో కొంత శాతం స్టైపెండ్ అట, అంటే కమీషన్ అని మనం పిలిచేది. రోజూ రాత్రి గ్రూపులో ఒక పట్టిక పడుతుంది, అడుగున ఉన్నవాళ్ల పేర్లు ఎర్ర రంగులో. అన్నం ముందు కూర్చున్నా ఆ పిల్ల కళ్లు ఆ పట్టిక మీదే. "మామా, నీ క్లయింట్లను ఒక్కమాట అడగవా, నా పేరు ఇంకా ఎర్రగానే ఉంది" అంటుంది. వాళ్ల నాయన ధర్మవరంలో చీరల కొట్లో గుమాస్తా. జీతం అడ్వాన్సు అడగాలంటేనే పది రకాలుగా ఆలోచించే మనిషి, కూతురి సర్టిఫికెట్ కోసం యజమాని ముందు ఫోన్ పట్టుకుని నిలబడాలా?

వాళ్లు పంపమన్న మెసేజీ చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అంకుల్, మీ 500 రూపాయలకు పన్ను మినహాయింపు కూడా ఉంది" అని. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో పన్ను లెక్కలు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకు 80జి మినహాయింపు లేదు. నా దగ్గరికొచ్చే జీతగాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. పాత విధానంలో ఉన్నా, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. పైగా దాత పాన్ లాంటి గుర్తింపు నంబరు తీసుకుని ఆదాయపన్ను శాఖకు వివరాలు పంపితే గానీ సర్టిఫికెట్ రాదు. ఆ లింకులో అలాంటి నంబరు అడిగే గడే లేదు. ఇక కిరాణా కొట్టాయన పన్ను కట్టేంత ఆదాయమే చూడలేదు, ఆయనకు మినహాయింపు దేని మీద? ఇదంతా తెలియని పందొమ్మిదేళ్ల పిల్లల నోట ఈ మాట చెప్పిస్తున్నారు. రేపు ఎవరైనా నిలదీస్తే తల దించుకునేది ఆ మేనేజర్ కాదు, మా పిల్ల.

అసలు కార్పొరేట్ డబ్బు ఎక్కడుందో చట్టమే చెప్పింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ వెయ్యి కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికీ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని అందులోనే రాశారు. నడుస్తున్న ప్రాజెక్టు ఏదీ లేకుండా డబ్బు మిగిలిపోతే, ఏడాది ముగిసిన ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి వాటికి కట్టేయాలి. అంటే ఇక్కడ అడిగేవాడు లేకపోతే మన సీమకు రావలసింది చల్లగా ఢిల్లీకి పోతుంది.

మన దగ్గర కంపెనీలకు కొదవా? పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, తాడిపత్రి నుంచి యర్రగుంట్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీలు, కొండల మీద గాలిమరలు, ఓర్వకల్లు వైపు కనుచూపు మేర సోలార్ పలకలు. వీళ్లెవరూ ఇవ్వడం లేదని నేను అనడం లేదు. ఎంత ఇచ్చారో, ఎక్కడ పెట్టారో అడిగితే చెప్పే దిక్కు లేదంటున్నాను. కేంద్రం పోర్టల్‌లో వివరాలుంటాయి, నిజమే. మా పక్క పల్లె సర్పంచి ఆ పోర్టల్ తెరిచి చూసుకుంటాడా? ఒక ఆఫీసులో అడిగితే పై అంతస్తుకు వెళ్లమన్నారు, పైవాళ్లు ఆ సెక్షన్ కిందే ఉంది పొమ్మన్నారు. జనానికి కనిపించేవల్లా బోర్డులు. నేను ఒక బస్టాపులో బెంచీ చూశాను, కూర్చుంటే వీపు ఆనేది దాత పేరు మీదే, అంత పెద్ద అక్షరాలు. ఇంకోచోట మంచినీటి ప్లాంటుకు తాళం, తాళం తుప్పు పట్టింది, బోర్డుకు మాత్రం కొత్త రంగు.

ఇచ్చే చేయి, అడిగే నోరు ఎలా ఉండాలో అనంతపురానికి ఒకరు నేర్పనక్కర్లేదు. ఆర్డీటీ సేవా సంస్థను స్థాపించిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు నేలకు వచ్చారు. ఇవాళ ఆ సంస్థ బత్తలపల్లి ఆసుపత్రి ముందు నిలబడితే ఆ పని ఏమిటో తెలుస్తుంది. స్పెయిన్‌లో ఎక్కడో ఉండే మామూలు కుటుంబాలు నెలనెలా డబ్బు పంపిస్తే, ఇక్కడి పిల్లలు సొంత చేతిరాతతో, రంగు పెన్సిళ్లతో బొమ్మలేసి వాళ్లకు ఉత్తరాలు రాసేవారు. తన డబ్బు ఏ ఊళ్లో ఏ పిల్లకు అందిందో దాతకు తెలిసేది. 1995లో సత్యసాయి మంచినీటి పథకం వందల పల్లెలకు నీళ్లిచ్చింది. ఇవన్నీ చూసిన ఊళ్లో, ఎర్ర రంగులో పేరు వేసి చందా రాబట్టడాన్ని గర్వకారణం అంటున్నారు.

మన ఉన్నత విద్య పెద్దల సంగతి కూడా చెప్పాలి. 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సామాజిక సేవ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద బంగారంలాంటి ఆలోచన. మరి అన్ని వేల మందికి పని ఎక్కడుందని ఎవరైనా లెక్క వేశారా? సామాజిక సేవ ప్రాజెక్టు రిపోర్టు కాలేజీ ఎదురు జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగుతో సహా దొరుకుతుంది, ఊరి పేరు మార్చుకుంటే చాలు. గైడు సార్లు అట్ట చూసి సంతకం పెడతారు. పాపం వాళ్లను అని లాభం లేదు, ఒక్కొక్కరి నెత్తిన అంతమంది పిల్లలు. ఈ ఖాళీలోకే వసూళ్ల సంస్థలు దూరుతున్నాయి. కాలేజీకి అంకె కావాలి, సంస్థకు డబ్బు కావాలి, ఆఫీసర్లకు ఫొటో కావాలి. అందరి పనీ అయిపోయింది.

అందుకని అడుగుతున్నాను. డబ్బు వసూలు టార్గెట్ పెట్టే ఏ ఇంటర్న్‌షిప్‌కూ క్రెడిట్లు ఇవ్వబోమని విశ్వవిద్యాలయాలు ఒక ఉత్తర్వు వేయాలి. పిల్ల సర్టిఫికెట్‌ను టార్గెట్‌కు ముడిపెట్టిన సంస్థ పేరు కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాలి. ఏ కంపెనీ ఏ మండలంలో సీఎస్ఆర్ కింద ఎంత ఖర్చు పెట్టిందో తెలుగులో ఒక పట్టిక జిల్లా వెబ్‌సైట్‌లో ఏటా వేయాలి. ఆ పట్టిక తయారుచేసే పని మా బీకాం పిల్లలకే ఇవ్వండి, లెక్కలు వాళ్లకు వచ్చు, దాన్ని ఇంటర్న్‌షిప్‌గా రాసుకోండి. ఇరవై వేలు తెచ్చి ఇవ్వాలి అనకుండా, వీలైతే చార్జీలకైనా వాళ్లకే ఇవ్వండి. వచ్చే వేసవికి రెండో ఏడాది పిల్లలు మళ్లీ సంస్థల వెంట పడతారు, ఈ ఉత్తర్వు అంతకు ముందే రావాలి.

మీ విలేకరి ఈసారి అలాంటి సభకు వెళితే, ఫొటో తీసే ముందు చివరి వరసలో ఉన్న ఒక పిల్లను పక్కకు పిలిచి, ఎవరెవరు ఎంతిచ్చారో అడగమనండి.

ఇట్లు,
ఒక పాత చందాదారుడు,
అనంతపురం