మందు ఫైలును కాదు, మందు కొట్టే మనిషిని పరీక్షించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వానాకాలం మొదలైందంటే మీ వరంగల్ పేజీలో నకిలీ పురుగుమందుల వార్తలు, షాపుల్లో తనిఖీల ఫొటోలు వరుసగా వస్తాయి. రావాలి కూడా. కానీ నకిలీ కాని మందు, అన్ని అనుమతులూ ఉన్న మందు, మనవాళ్లు కొట్టే తీరులో కొడితే మనిషి ఒంట్లోని జన్యువులకు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఏ పేజీలోనూ కనపడదు. నేను జంతుశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. రసాయనాల వల్ల జరిగే జన్యు నష్టం మీద సలహా ఇచ్చే ఒక కమిటీలో కొంతకాలం ఉన్నాను. అక్కడ చూసింది జనానికి తెలియాలని రాస్తున్నాను.

కమిటీ ముందుకు వచ్చేది మందు కాదు, దాని మీద చేసిన పరీక్షల ఫైలు. అందులో మొదట ఉండేది ఏమ్స్ పరీక్ష. అమెరికాలో బ్రూస్ ఏమ్స్ 1970ల మొదట్లో తయారుచేసిన పద్ధతి ఇది. హిస్టిడిన్ అనే పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను రసాయనంతో కలిపి ప్లేటులో పోసి రెండు రోజులు ఉంచుతారు. రసాయనం డీఎన్ఏను మార్చేదైతే పోయిన ఆ శక్తి చాలా బ్యాక్టీరియాకు తిరిగొచ్చి, నాలుగు చుక్కలు ఉండాల్సిన ప్లేటు నిండా చుక్కలు లేస్తాయి. ఆ తర్వాత జంతు కణాల్లో జన్యువులను మోసే క్రోమోజోములు విరుగుతున్నాయా, ఎలుకల ఎముక మజ్జలో ఏమైంది అని చూస్తారు. ఇవి మంచి పరీక్షలు, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదల్లా ఇది: ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం ఒక్కో రసాయనాన్ని విడిగా తీసుకుని చేసినవి. మనిషికి ఎంత మందు తగులుతుందనే లెక్క కూడా చాలాసార్లు గ్లవ్స్, మాస్కు, నిండు బట్టలు ఉన్నాయనుకుని వేసిందే. అక్టోబర్‌లో పరకాల, శాయంపేట వైపు పత్తి చేలల్లోకి వెళ్లి చూడండి. డ్రమ్ములో రెండు మూడు రకాల మందులు పోసి కర్రతో తిప్పుతారు, కర్ర దొరక్కపోతే చేత్తోనే. పత్తి రొమ్ము ఎత్తుకు పెరిగి ఉంటుంది, ముందు కొట్టిన ఆకుల్లోంచే నడవాలి కాబట్టి లుంగీ తడిసి తొడలకు అంటుకుపోతుంది, పంపు మూత దగ్గర కారి వీపు తడుస్తుంది. డ్రమ్ముకు నీళ్లు మోసేది ఆడవాళ్లు, సాయంత్రం ఆ బట్టలు ఉతికేదీ వాళ్లే. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిర్చిని ముంచినప్పుడైతే ఇంకా ఘోరం, ఏ మందుకూ పురుగు చావక చేతికొచ్చినవన్నీ కలిపి రోజు మార్చి రోజు కొట్టారు. అందుకు రైతును తిట్టి లాభం లేదు, ఎకరాకు అన్నేసి వేలు పెట్టినవాడు కళ్లముందు తోట పోతుంటే ఊరుకోడు, షాపులో ఏది ఇస్తే అది కొడతాడు.

ఇట్లా కలిపి కొడితే ఏమవుతుందో చూశారా అని నేను మీటింగులో అడిగాను. ఆ డేటా ఫైలులో లేదన్నారు. సరే, లేదనే రాయండి అన్నాను. తీరా తయారైన నోట్‌లో 'ఆందోళన చెందాల్సిన ఆధారాలు లేవు' అని వచ్చింది. వెతకనే లేదు అన్న మాట, వెతికాం దొరకలేదు అన్నట్టుగా మారిపోయింది. పరీక్షల పూర్తి వివరాలు అడిగితే వ్యాపార రహస్యం అని సారాంశమే చేతికిచ్చారు. నిజానికి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(డి) కూడా ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే వ్యాపార సమాచారం బయటపెట్టవచ్చనే చెబుతుంది.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు సంగతే చూడండి. 2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ దాన్ని క్యాన్సర్ తేగల అవకాశం ఉన్న రసాయనాల్లో చేర్చింది, జన్యువులను దెబ్బతీస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయంది. అదే ఏడాది నవంబర్‌లో యూరప్ ఆహార భద్రతా సంస్థ అట్లాంటి ప్రమాదం ఉండే అవకాశం తక్కువంది. తేడా రావడానికి ఒక ముఖ్య కారణం, యూరప్ వాళ్లు అసలు రసాయనాన్ని మాత్రమే చూశారు, ఏజెన్సీ వాళ్లు బజారులో అమ్మే మిశ్రమాల మీద వచ్చిన పరిశోధనలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఏది చూస్తారన్నదాన్ని బట్టి జవాబే మారింది. మన డ్రమ్ముల్లో ఉండేది ఆ మిశ్రమాల మిశ్రమం.

పురుగుమందు తాగినవాడినో, మందు పట్టి పడిపోయినవాడినో ఆ రాత్రే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తెస్తారు, కేసు రాస్తారు. జన్యు నష్టానికి కేసు షీటు ఉండదు. ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గానో, నిలవని గర్భంగానో బయటపడితే దాన్ని మందుతో ముడిపెట్టేవాళ్లు ఎవరు? పత్తి చేలల్లో మందు కొట్టే మగవాళ్ల కుటుంబాల్లో గర్భస్రావాలు, మృత శిశువులు ఎక్కువని మన జన్యుశాస్త్రవేత్తలు 1991లోనే ప్రచురించారు. ఇన్నేళ్లలో ఆ పనిని పెద్ద ఎత్తున మన జిల్లాల్లో కొనసాగించి ఉండాల్సింది.

కమిటీలే దండగ అని నేను అనను. 2013లో కేంద్రం వేసిన అనుపమ్ వర్మ కమిటీ 66 మందులను సమీక్షించాకే, 2018లో 18 మందులను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. అయితే కమిటీలో ఎవరున్నారో, ఎవరికి ఏ కంపెనీతో సంబంధం ఉందో, మీటింగులో ఎవరు ఏమన్నారో జనానికి తెలియాలి. బ్రిటన్‌లో 1978 నుంచి ఉన్న ఇలాంటి కమిటీ తన మీటింగుల రికార్డు (మినిట్స్), సభ్యుల వ్యాపార సంబంధాలు బయటపెడుతుంది. మన ఆహార భద్రతా చట్టం కూడా సైంటిఫిక్ ప్యానెళ్లలో స్వతంత్ర నిపుణులే ఉండాలంటుంది. పురుగుమందులకు ఇంకా 1968 చట్టమే దిక్కు.

ఇక మన దగ్గర వెంటనే చేయగలిగింది ఒకటుంది. చెంప లోపల చెక్క పుల్లతో మెల్లగా గీకి, వచ్చిన కణాలను స్లైడు మీద పరిచి రంగు వేసి చూస్తే, క్రోమోజోము ముక్కలు విడిపోయిన కణాల్లో అసలు కేంద్రకం పక్కన చిన్న కేంద్రకం కనపడుతుంది. మనిషికి వెయ్యి రెండు వేల కణాలు ఓపికగా లెక్కపెట్టాలి. నొప్పి లేదు, సూది లేదు, మంచి మైక్రోస్కోపు చాలు. కాకతీయ యూనివర్సిటీలో, మెడికల్ కాలేజీలో ఈ పని చేయగల పిల్లలున్నారు. బీడీ, గుట్కా అలవాటు వల్ల కూడా ఈ నష్టం పెరుగుతుంది కాబట్టి అది తప్పకుండా రాసుకోవాలి. ఒప్పుకున్న కూలీల దగ్గర జూన్‌లో, మొదటి మందు పడకముందే ఒకసారి, మందులు ముమ్మరంగా పడ్డాక రెండు మూడు వారాలకు మరోసారి నమూనా తీసుకుంటే, ఎవరి లెక్క వాళ్లతోనే పోల్చవచ్చు. ఫలితం ముందు ఆ కూలీకి తెలుగులో చెప్పి, తర్వాత కమిటీకి పంపాలి. జిల్లా వ్యవసాయ, వైద్య శాఖల అధికారులు వచ్చే సీజన్‌కు ఈ పని పెట్టుకుంటారో లేదో మీ విలేకరుల చేత అడిగించి, వాళ్ల జవాబు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ