గాలికి పోయే మట్టి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. కోత అవగానే పొలం నున్నగా దున్నించి, పుల్ల లేకుండా ఏరించానని గొప్పగా రాశావు. గాలి వీస్తే దుమ్ముకి కళ్లు తెరవలేకపోతున్నానని కూడా నువ్వే రాశావు. ఆ దుమ్ముకి కారణం ఆ దుక్కేరా!

ఎండి, వదులుగా, బోసిగా ఉన్న నేల మీద అడుగు ఎత్తులో గాలి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటే చాలు, మట్టి కదులుతుంది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉండే రేణువులే అసలు అల్లరి మూక. అవి పైకి ఎగిరిపోవు, గెంతుకుంటూ పోతాయి. పడ్డ చోటల్లా ఇంకొన్నిటిని లేపుతాయి, పెళ్లలను చితక్కొడతాయి, లేత ఆకులను గీకేస్తాయి. కదిలే మట్టిలో సగానికి పైగా ఇలా వెళ్లేదే. అంతకంటే సన్నటిది గాల్లో కలిసి ఎక్కడికో పోతుంది. నేల సత్తువంతా పట్టుకుని ఉండేది ఆ సన్న మట్టే. నీకు ముతక ఇసుక మిగులుతుంది, దానికి మళ్లీ ఎరువు కొనాలి!

ఈసారి పైరు కోశాక మిగిలే మొదళ్లు, అదే కొయ్యకాళ్లు, అలాగే నిలబెట్టి ఉంచు. పడి ఉన్న గడ్డి కంటే నిలబడ్డ కొయ్యే మేలు, నేలను తాకకముందే గాలి జోరు తగ్గిస్తుంది. నేలలో మూడో వంతు కప్పి ఉన్నా మట్టి కొట్టుకుపోవడం చాలా వరకు ఆగుతుంది. తగలబెట్టే మాట ఎత్తకు. పశువులను తోలుకో, కానీ నేల కనబడేదాకా మేపకు.

గాలికి అడ్డంగా గోడ కడతానన్నావు చూడు, నవ్వొచ్చింది. గాలి గోడ మీంచి దూకి అవతల సుడులు తిరుగుతుంది. దానికంటే చెట్ల వరుస నయం, సగం గాలి సందుల్లోంచి పోవాలి. చెట్ల ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి నుంచి కాపుదల ఉంటుంది, అంటే 8 మీటర్ల చెట్లకు 80 మీటర్లు. వరుస మధ్యలో బండి దారి మాత్రం వదలకు, గాలి అందులో ఇరుక్కుని ఇంకా జోరందుకుంటుంది. చెట్ల పక్క సాళ్లలో దిగుబడి కాస్త తగ్గుతుంది, సర్దుకోవాలి.

1930లలో అమెరికా మైదానాల్లో గడ్డి నేలలు దున్నేసి ఉండగా కరువొచ్చింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి పడేంత దుమ్ము లేచింది. ఆ నెలలోనే అక్కడ నేల కాపుదలకు చట్టం చేశారు.

చెట్లు పెరిగేలోపు గాలికి అడ్డంగా సాళ్లు తోలు. నేలలో కాస్త తడి పదును ఉన్నప్పుడు దున్నితే పెళ్లలు లేస్తాయి, వాటిని రోటవేటర్‌తో నలిపేయకు. ఉత్త ఇసుక నేలైతే పెళ్లలు నిలవవు, అక్కడ పచ్చిరొట్ట విత్తనం చల్లి నేలను పచ్చగా కప్పడమే దారి. నీ నేలలో ఇసుక ఎంతో, గాలి ఏ దిక్కు నుంచి ఎక్కువో రాయి. చెట్ల వరుస ఎటు పెట్టాలో అప్పుడు చూద్దాం.

నీ
పాత నేస్తం