ఓజోన్ పెట్టామని క్లోరిన్ మానేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో ఈత నేర్పిద్దామని ఏడేళ్ల మా మనవరాలిని విజయవాడలోనే ఒక ప్రైవేటు స్విమ్మింగ్ పూల్‌లో చేర్పించాం. ‘‘మాది ఓజోన్ పూల్ అండీ, క్లోరిన్ చుక్క కూడా వెయ్యం, పిల్లల కళ్లు మండవు’’ అని చెప్పి మిగతా చోట్ల కంటే ఎక్కువే ఫీజు తీసుకున్నారు. ఓజోన్ అంటే నీళ్లలోకి పంపి క్రిముల్ని చంపే ఒక వాయువు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

మర్నాడు టెస్టింగ్ కిట్ బ్యాగులో వేసుకెళ్లాను. కిట్ అంటే ఒక చిన్న గొట్టం, చుక్కల మందు సీసా, అంతే. మెట్ల దగ్గర మోచేతి లోతున నీళ్లు ముంచి అయిదు చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. వెలుతురులోకి ఎత్తి చూశాను. రంగే లేదు. అప్పటికి ముప్పై మంది దాకా పిల్లలు నీళ్లలో ఉన్నారు. ఓజోన్ మిషన్ సంగతి అడిగితే, ‘‘పొద్దున కరెంటు పోయిందమ్మా, మధ్యాహ్నం వేస్తాం’’ అన్నాడు అక్కడి కుర్రాడు. పాపం, అందులో ప్రమాదమేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఓజోన్ మంచిదే. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 1906లోనే తాగునీటికి వాడారు. క్లోరిన్‌కు లొంగకుండా రోజుల తరబడి బతికే క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమిని కూడా చంపుతుంది. పూల్ దగ్గర ముక్కు బద్దలయ్యే వాసన, కళ్ల మంట ఎక్కువగా క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి తయారయ్యే క్లోరమైన్ల వల్ల వస్తాయి. ఓజోన్ ఉంటే ఆ బాధా తగ్గుతుంది.

కానీ ఓజోన్ నీళ్లలో నిలవదు, చూస్తుండగానే మామూలు ఆక్సిజన్ అయిపోతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా తొందరగా పోతుంది. అది మోటారు గదిలోకి వచ్చిన నీళ్లను శుభ్రం చేస్తుంది గానీ, పక్క పిల్లాడు పుక్కిలించి ఉమ్మిన నీళ్లు మా పిల్ల నోట్లోకి పోయేలోపు అక్కడికక్కడ పనిచేయాల్సింది క్లోరినే. ఓజోన్‌తో ఎన్నో ఏళ్లుగా పూల్స్ నడుపుతున్న జర్మనీలో కూడా కొంచెం క్లోరిన్ ఉంచుతారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అయితే కనీసం 1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల నీళ్లలో ఒక పాలు క్లోరిన్ ఉండాలంటుంది. మా నాన్న బందరు కాలువలో ఈత నేర్చుకున్నారు. కానీ పారే నీళ్లు వేరు, నిలవ నీళ్లు వేరు.

ప్రతి పూల్‌లో ఫీజు కౌంటర్ పక్కనే ఒక బోర్డు పెట్టి, రోజూ రెండు పూటలా క్లోరిన్ ఎంత, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) ఎంత, ఓజోన్ మిషన్ నడిచిందా లేదా రాయించాలి. నగరపాలక సంస్థ ఆరోగ్య సిబ్బంది వేసవిలోనైనా చుక్కల సీసాతో వచ్చి ఆ అంకెలు నిజమో కాదో చూడాలి. తల్లిదండ్రులు కూడా మొహమాటపడకుండా అడగాలి.

మనవరాలు మూడు రోజులుగా ఈత డ్రెస్సు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడుతోంది. బోర్డు పెట్టిన రోజు నేనే తీసుకెళ్తాను.

– ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, సత్యనారాయణపురం, విజయవాడ