హన్మకొండలోని మా గ్యాలరీ నుంచి: ఈ ఏడాది లెక్క

అందరికీ నమస్కారం.

మా దగ్గర బొమ్మలు కొన్నవాళ్లకు, కొనకపోయినా ప్రదర్శన పెట్టినప్పుడల్లా వచ్చి నిదానంగా చూసి వెళ్లేవాళ్లకు, ఆదివారం పొద్దున పిల్లల్ని డ్రాయింగ్‌కు పంపే తల్లిదండ్రులకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మామూలుగా కొత్త ప్రదర్శన ఉన్నప్పుడే మీకు రాస్తాను. ఈసారి ముందుగా ఒక తప్పు గురించి చెప్పాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

జనవరిలో చేర్యాల పటాల ప్రదర్శన పెట్టాం, అంటే బట్ట మీద కథల్ని బొమ్మలుగా వేసే పటాలు. ప్రతి పటం పక్కన అంటించిన చీటీ మీద ‘సహజ రంగులతో వేసినది’ అని నేనే రాయించాను. అది నిజం కాదు. ఆ పటాల్లో ఎక్కువవాటికి వాడింది బజారులో దొరికే రంగులే. పూర్వం ఈ పటాలు వేసే నకాషీలు ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం, నలుపుకి దీపపు మసి, తెలుపుకి శంఖం పొడి వాడేవారని చదివాను. చదివింది మనసులో పెట్టుకుని, ఇప్పటికీ అలాగే వేస్తున్నారనుకున్నాను. చీటీలు ప్రింట్‌కు ఇచ్చేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక పటం కొన్నావిడ ఫోన్ చేసి, “ఈ నీలం ఏ చెట్టు నుంచి తీస్తారండీ? మా పాపకు స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు” అని అడిగారు. కనుక్కుని చెబుతానని ఆ పటం వేసినతనికి ఫోన్ చేశాను. అతను ఏ తడబాటూ లేకుండా, “అక్కా, అది డబ్బా రంగే. మీరు అడగలేదు, నేను చెప్పలేదు” అన్నాడు. అతను దాచిందేమీ లేదు. అబద్ధం నా చీటీ మీదే ఉంది.

ఆ ప్రదర్శనలో పద్నాలుగు పటాలు అమ్ముడుపోయాయి. పద్నాలుగు మందికీ నేనే ఫోన్ చేసి సంగతి చెప్పాను. పటం వెనక్కి ఇస్తే మొత్తం డబ్బు ఇస్తానన్నాను. ముగ్గురు ఇచ్చేశారు, వాళ్లకు అదే వారంలో డబ్బు పంపాను. మిగిలిన పదకొండు మంది ఉంచుకున్నారు. వాళ్లలో ఒకాయన, “నేను రంగు చూసి కొనలేదమ్మా, మా తాత గుర్తొచ్చి కొన్నాను” అన్నారు. ఆ మాటకు ఎంత ఊరట కలిగినా, చీటీ తప్పు చీటీ తప్పే. వెనక్కి వచ్చిన మూడు పటాల నష్టం గ్యాలరీదే. వేసినవాళ్లకు ఇచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా అడగలేదు.

ఇప్పుడు చీటీలు మారాయి. బట్ట ఏది, పూత ఏది, రంగు ఏది, గీత ఎవరు గీశారు, రంగులు ఎవరు నింపారు, మీరిచ్చే ధరలో వేసినవాళ్లకు ఎంత వెళుతుంది అన్నవి రాస్తున్నాం. వేసినవాళ్లకు చదివి వినిపించి, సరే అన్నాకే గోడకు పెడుతున్నాం.

డబ్బా రంగులు వాడితే అది చేర్యాల పటం కాదా అని చాలామంది అడిగారు. ముమ్మాటికీ చేర్యాల పటమే అని నా అభిప్రాయం. ఆ బట్ట ఎలా తయారవుతుందో మార్చిలో పటాలు వేసేవాళ్ల ఇంట్లో కూర్చుని రెండు రోజులు చూసి వచ్చాను. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, అంబలిలా ఉడికిస్తారు. అందులో సుద్దమట్టి, తుమ్మజిగురు కలిపి ఖద్దరు బట్టకు పూస్తారు. ఆరాక మళ్లీ పూత. అది కూడా ఆరాక ఇంకో పూత. మూడోది ఆరేసరికి బట్ట అట్టలా బిగుసుకుని, వేలితో రాస్తే నున్నగా తగులుతుంది. దాని మీద పెన్సిల్ ఆనవాలు లేకుండా నేరుగా కుంచెతోనే గీస్తారు. ఆ ఇంటి పెద్దావిడ మాతో మాట్లాడుతూనే, కళ్లు పటం మీంచి తిప్పకుండా, ఒక గుర్రం మెడ ఒక్క గీతలో లాగేసింది. ఆ తర్వాత వెనకంతా ఎరుపు నింపుతారు. చివర్న నల్లటి సన్నగీత పడేసరికి బొమ్మలకు ప్రాణం వస్తుంది. ఇన్ని పనులున్న చోట నేను ఒక్క ‘సహజ రంగు’ అనే మాటతో పటానికి విలువ కట్టాలని చూశాను. బాధ అక్కడే.

ఇక మార్చి నెలాఖరు శనివారం సంగతి. మా గ్యాలరీ పెట్టి ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో నాకు ఇంత నేర్పిన సాయంత్రం ఇంకొకటి లేదు.

పటం అసలు గోడకు వేలాడదీయడానికి పుట్టింది కాదు. మూడడుగుల వెడల్పుతో, కొన్ని పదిపదిహేను గజాల పొడవు దాకా ఉండేవి. కథ చెప్పేవాళ్లు ఊళ్లో రెండు గుంజలు పాతి, పటం కట్టి, ఒక్కో వరుసా విప్పుతూ రాత్రంతా పాడేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పే హక్కు ఒక్కో కులానిది. గౌడులకు గౌడ జెట్టీలు చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. నేతపని చేసే పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, వాళ్ల మూలపురుషుడైన భావనారుషి కథ చెబుతారు. ఏ ఊళ్లు ఎవరివో కూడా మిరాశీగా, అంటే తరతరాల హక్కుగా, పంచుకుని ఉంటాయి. మనం ఇళ్లలో పెట్టుకునే అడుగున్నర పటం ఆ పెద్ద కథలో ఒక ముక్క మాత్రమే.

అందుకని కూనపులివాళ్ల బృందాన్ని పిలిచాం. నలుగురు వచ్చారు. వాళ్ల తాతల నాటి పటం తెచ్చారు. అంచులు చిరిగి, రంగు అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. కొత్తది వేయించుకోవడానికి చేతిలో డబ్బు ఆడడం లేదన్నారు. పటం పూర్తిగా పాడైతే పారేయరట, పూజ చేసి నదిలో కలుపుతారట. కొబ్బరికాయ కొట్టి, అగరబత్తులు వెలిగించి, రెండు వెదురు గుంజలకు పటం కట్టారు. బొమ్మల మధ్య పొగ, నిప్పు అంటే నాకు చాలా టెన్షన్. గుమ్మం దగ్గర బకెట్‌తో నీళ్లు పెట్టుకుని నిలబడ్డాను.

ఎప్పుడూ వచ్చే మన నలభై మందే వస్తారనుకున్నాను. కథ భావనారుషిది కదా అని, వరంగల్ కొత్తవాడలో మగ్గం నేసే ఇళ్లకు మా దగ్గర పనిచేసే అబ్బాయిని పంపి చెప్పించాను. వాళ్లు డెబ్బై మందికి పైగా వచ్చారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకల్లో పిల్లలు. కానీ చాలామంది గుమ్మం దాటలేదు. లోపల గ్లాసు ఫ్రేములు, తెల్లటి గోడలు, లైట్లు చూసి బయటే ఆగిపోయారు. మా అబ్బాయేమో లోపల కుర్చీలు నిండాయని చెప్పి, వాళ్లను అక్కడే ఉండమన్నాడట. అప్పుడు ఒక పెద్దమ్మ గట్టిగా అంది: “గిది మా కులం కథ గదా బిడ్డా. మమ్ముల పిలిచి బయట నిలవెడ్తరా?”

కుర్చీలన్నీ తీసేసి జంపఖానాలు పరిచాం. అందరం కిందే కూర్చున్నాం. ఆ జంపఖానాలు కొత్తవాడలో నేసినవే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వాటిని నేసినవాళ్లనే గుమ్మం దగ్గర ఆపామని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కథ మూడు గంటలు సాగింది. దేవతలకు ఒంటిమీద బట్టలేని కాలంలో భావనారుషి తామర తూడు నుంచి నూలు తీసి బట్ట నేసిన ఘట్టం వచ్చినప్పుడు, కథకుడు పుల్లతో పటం మీద చూపిస్తూ ఒక్కో పనిముట్టు పేరు పాడుతున్నాడు. ఎదురుగా కూర్చున్న నేతగాళ్లు ఆ పేర్లు ముందే అందిస్తున్నారు. ఒకచోట ఆయన ఏదో వదిలేశాడు. గుమ్మం దగ్గర మాట్లాడిన పెద్దమ్మే లేచి, “అచ్చు పోసుడు ఏమాయె?” అని అడిగింది. ఆయన పటం వంక తిరిగి, ఒక దండం పెట్టి, ఆ వరుస మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. నేను ఆరేళ్లుగా బొమ్మల గురించి రాస్తున్నాను, మాట్లాడుతున్నాను. బొమ్మ చూస్తున్న మనిషి బొమ్మను సరిదిద్దడం అదే మొదటిసారి చూశాను.

ఆ రాత్రి గ్యాలరీలో ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోలేదు. బృందానికి పద్దెనిమిది వేలు ఇచ్చాం. జనం ఇచ్చిన కట్నాలు వాళ్లవే. రెండు వారాల తర్వాత కొత్తవాడ నుంచి ఐదుగురు వచ్చి, చందాలు వేసుకుంటున్నామని, తమ సంఘం హాలుకు భావనారుషి పటం కావాలని అడిగారు. నేరుగా చేర్యాల వాళ్ల ఫోన్ నంబరు ఇచ్చాను. మధ్యలో కమీషన్ తీసుకోలేదు. ఆ కథ వాళ్లది, పటం చేర్యాల వాళ్లది. మధ్యలో నాకు రావాల్సిందేమీ కనిపించలేదు.

మన పాత కస్టమర్లలో ఇద్దరు ఆ సాయంత్రం గురించి అసంతృప్తి చెప్పారు. గ్యాలరీ అంటే ప్రశాంతంగా ఉండాలని, పాటలు, గోల, పిల్లల ఏడుపుల మధ్య బొమ్మలు చూడలేమని అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అందుకే రోజూ పది నుంచి ఒంటిగంట వరకు ఏ కార్యక్రమమూ పెట్టం, బొమ్మలు చూసేవాళ్ల సమయం అది. కార్యక్రమాలు నెలలో రెండు శనివారాల సాయంత్రం మాత్రమే. మైకు ఉండదు. కానీ అలాంటి కార్యక్రమాలు ఆపను.

జులై వానలకు తూర్పు గోడ చెమ్మ పట్టింది. పైన ట్యాంకు దగ్గర పగులుంటే నీళ్లు గోడలోకి దిగి, ప్లాస్టర్ ఉబ్బింది. ఆ గోడకున్న నాలుగు బొమ్మల్లో మూడింటికి వెనక బూజు వచ్చింది. మూడూ అమ్ముడుపోనివే. వేసిన ఇద్దరు యువ చిత్రకారులకు చీటీ మీదున్న ధరలో వాళ్ల వాటా పూర్తిగా చెల్లించాం. ఇరవై నాలుగు రోజులు మూసి మరమ్మతు చేయించాం. ఆగస్టు ప్రదర్శన రద్దు కావడానికి కారణం ఇదే. అప్పుడు ‘అనివార్య కారణాలు’ అని మాత్రమే చెప్పాను, ఈ సంగతంతా అప్పుడే చెప్పాల్సింది.

మీ ఇళ్లలో పటాలు ఉంటే దయచేసి ఇవాళే ఒకసారి దించి వెనక చూడండి. చింతగింజల పూత ఉంటుంది కాబట్టి పురుగు చేరుతుంది, తేమకు బూజు తొందరగా పడుతుంది. ఫ్రేము నాలుగు మూలలా వెనక చిన్న బెండు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. తడిగుడ్డతో పటాన్ని అస్సలు తుడవకండి, రంగు కదిలిపోతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఎండ నేరుగా పడే గోడకు పెట్టకండి. ఫ్రేము లేని పటాన్ని మడవకుండా లావుపాటి గొట్టానికి చుట్టి పెట్టుకోండి, మడత పడిన చోట పూత పగులుతుంది. మా దగ్గర కొన్నది ఏదైనా చెమ్మ పట్టి ఉంటే తీసుకురండి, బెండు ముక్కలు మేమే ఉచితంగా వేసిస్తాం.

డబ్బు సంగతి కూడా దాచను. అద్దె ఇరవై రెండు వేలు. కరెంటు, జీతం, ఫ్రేములు కలిపితే నెలకు అరవై వేల దగ్గర ఆగుతుంది. ఈ ఏడాది ఇప్పటిదాకా రెండు నెలలే ఖర్చులు పోను మిగిలింది. ఇలాంటి నష్టాలు పూడ్చుకోవడానికే వరుసగా పది రోజులకో ప్రదర్శన పెట్టుకుంటూ పోయాను. పెట్టడం, దించడం, చీటీలు, ఫోన్లు. ఆ హడావిడిలోనే ఎవరినీ ఏమీ అడగకుండా చీటీలు రాశాను. ఇకపై ఏడాదికి ఆరు ప్రదర్శనలే. ఒక్కోటి ఐదు వారాలు ఉంటుంది. ఒకసారి చూసి వెళ్లినవాళ్లు ఇంట్లోవాళ్లను తీసుకుని రెండోసారి వచ్చినప్పుడే కొంటున్నారని మా పుస్తకం చూస్తే తెలుస్తోంది. పది రోజుల్లో ఆ రెండోసారి రావడం కుదరడం లేదు.

ఇప్పటిదాకా అమ్మిన ధరలో నలభై శాతం మేం తీసుకునేవాళ్లం. దాన్ని ముప్పైకి తగ్గించాం. వేసినవాళ్లకు డబ్బు రెండు మూడు నెలలు ఆపడం కూడా మానేశాం, అమ్మిన పదిహేను రోజుల్లో ఇస్తున్నాం. అందుకు బదులుగా ఫ్రేము ధర విడిగా వేయాల్సి వస్తోంది. ఫ్రేము వద్దంటే బొమ్మ మాత్రమే తీసుకెళ్లవచ్చు.

ఆదివారం డ్రాయింగ్ తరగతి మామూలుగానే ఉంటుంది. కాగితం, రంగులకు నెలకు రెండు వందలు. ఇవ్వలేనివాళ్లు చెప్పనక్కర్లేదు, పిల్లల్ని పంపండి చాలు. మొన్న పిల్లలకు కాపు రాజయ్య గారి బతుకమ్మ చిత్రాలు పుస్తకంలో చూపించాను. 1925లో సిద్దిపేటలో పుట్టిన మనిషి, మన పక్కనే ఉన్న ఊరు, నకాషీ పద్ధతిని తన చిత్రాల్లోకి తెచ్చుకున్నాడు అని చెబితే, ఒక పిల్ల “అయితే మా నానమ్మను కూడా ఎర్రరంగు మీద వేయొచ్చా టీచర్?” అని అడిగింది. వేసింది కూడా. బీడీలు చుడుతున్న నానమ్మ, వెనకంతా ఎరుపు. ఆ తరగతి పిల్లలు వేసిన ముప్పై బొమ్మలతో బతుకమ్మ పండుగకు ముందు వారం ప్రదర్శన మొదలుపెడుతున్నాం. పిల్లల బొమ్మలు అమ్మం.

ప్రదర్శన మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి కూనపులివాళ్లు మళ్లీ వస్తున్నారు. మొన్న సగంలో ఆగిన భావనారుషి, భద్రావతి పెళ్లి ఘట్టం ఈసారి చెబుతారు. కుర్చీలు నాలుగే ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు. మిగతా అందరికీ జంపఖానాలు. మా అబ్బాయి ఈసారి గుమ్మం లోపల నిలబడి అందరినీ లోపలికి పిలుస్తాడు.