పాత ఫ్యూజు బోర్డుకు కొత్త రంగు

సంపాదకులకు నమస్కారం.

పాత ఇల్లు అమ్మకానికి ఉందని ఇచ్చే ప్రకటనల్లో ఎన్ని గదులు, నీళ్లు ఎలా వస్తాయి, రంగులు ఎప్పుడు వేశారు, అన్నీ ఉంటాయి. కరెంటు బోర్డు ఏ కాలం నాటిదో మాత్రం ఎవరూ రాయరు. నేనూ రాయలేదు. ఆ మధ్య మా పాత ఇల్లు అమ్మాలనుకున్నప్పుడు గోడలకు రెండు పూతలు వేయించి, తలుపులకు పాలిష్ పెట్టించి, మెట్ల కింద ఫ్యూజులు బిగించిన చెక్కకు కూడా గోడ రంగే పూయించాను. ఇనుప మెయిన్ స్విచ్చు, నాలుగు పింగాణీ ఫ్యూజులు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది.

కొనాలనుకున్నాయన రెండోసారి వచ్చినప్పుడు వెంట ఒక ఎలక్ట్రీషియన్ని తెచ్చుకున్నాడు. అతను గదులేమీ చూడకుండా నేరుగా మెట్ల కిందికి వెళ్లి, మెయిన్ ఆపి, ఒక ఫ్యూజు లాగి నా చేతిలో పెట్టాడు. అందులో ఫ్యూజు వైరు లేదు, మెలిపెట్టిన రాగి పోగులు దట్టంగా ఉన్నాయి. "ఇది ఎవరు వేశారండీ?" అన్నాడు. వేసింది నేనే. గీజరు వేసినప్పుడల్లా ఫ్యూజు కొట్టేస్తోందని విసుగొచ్చి ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో వేశాను, ఆ తర్వాత మళ్లీ పోలేదు కాబట్టి బాగు చేశాననే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఫ్యూజు పని తాను కరిగిపోయి గోడలోని వైరును కాపాడటం. దాన్ని కరగనివ్వకపోతే ఆ వేడంతా గోడలో వైరు మోయాలి. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి తోడు అదే లైను మీద ఇస్త్రీపెట్టె, మిక్సీ. మా ఇంట్లో వైరింగ్ వేసిన రోజుల్లో ఫ్యాన్లు, లైట్లు, ఒక రేడియో తప్ప ఏముండేవి? పైగా బోర్డులో స్క్రూలు ఏళ్ల తరబడి వదులై, వైరు చివర్ల తొడుగు నల్లబడి, వేలితో నొక్కితే పెళుసుగా రాలిపోతోంది. వదులుగా ఉన్న చోటే వేడి పుడుతుంది, వేడికి అది ఇంకా వదులవుతుంది.

ఇంకో మాట. ఫ్యూజు సరైనదే వేసినా, దాని బదులు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే, అంటే ట్రిప్ అయ్యే స్విచ్చు) పెట్టినా, అవి కాపాడేది ముఖ్యంగా వైరును. షాక్ కొట్టిన మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది, ప్రాణం తీయడానికి అది చాలు, కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. దానికోసం ఆర్‌సీసీబీ ఉండాలి. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు ఒకటేనా కాదా అని అది చూస్తూ ఉంటుంది, ఇళ్లలో పెట్టే రకం తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే లైను కట్ చేస్తుంది. పాత ఫ్యూజు బోర్డుల్లో ఇది ఉండదు.

సరే, మార్చేద్దామనుకున్నాను. అసలు కథ ఇక్కడ మొదలైంది. మొదట పిలిచిన మనిషి "పెట్టె మార్చి అన్నిటికీ 32 ఆంపియర్ల ఎంసీబీలు వేసేస్తా, ఇక ట్రిప్ అనేదే ఉండదు, ఎలాగూ అమ్మే ఇల్లే కదా" అన్నాడు. నేను ఆ రాత్రి చేసిన పనే ఇది, కాకపోతే మెరిసే మూత ఉంటుంది. ఎంసీబీ ఎంతది పెట్టాలో వైరు మందమే చెప్పాలి, మామూలుగా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 10 ఆంపియర్లు, 2.5కు 16. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పెద్దది పెట్టడం కన్నా పాత బోర్డే నయం. దాన్ని చూసి కొనేవాడికి కనీసం అనుమానమైనా వస్తుంది.

రెండో ఆయన ముందు మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందా అని కొలిచే పరికరంతో, వైర్లు పరీక్షించాడు. 500 వోల్టుల దగ్గర కనీసం 1 మెగాఓమ్ చూపించాలి, వంటగది లైను చూపించలేదు. దాన్ని కొత్తగా లాగాడు. బోర్డు పెట్టి ఆర్‌సీసీబీ పైకెత్తితే వెంటనే పడిపోయింది, మళ్లీ ఎత్తితే మళ్లీ పడింది. నాకు టెన్షన్. చివరికి చూస్తే హాలు లైటు న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగొచ్చే వైరును, ఎవరో పాతకాలంలో ఆర్‌సీసీబీకి బయట ఉన్న వేరే లైను న్యూట్రల్‌కి కలిపేశారు, ఆ కరెంటు ఆర్‌సీసీబీ లోంచి తిరిగి రావట్లేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఆర్‌సీసీబీని బైపాస్ చేసి మూత బిగించేయడం, అది పెట్టెలో ఉంటుంది గానీ పని చేయదు. కొనేవాళ్లు దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. కరెంటు ఉండగా నొక్కితే పడిపోవాలి, ఇల్లంతటికీ అది ఒక్కటే అయితే అన్ని గదులూ ఆగాలి. అప్పుడు ఏదో ఒక గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటే ఆ లైను ఆర్‌సీసీబీకి బయట ఉన్నట్టే.

ఎర్తింగ్ సంగతీ అడగండి. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు, మా ఇంట్లో రెండు సాకెట్లకు లేదు. ఇది ఎవరికి వాళ్లు చేసుకునే పని మాత్రం కాదు. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు నుంచి స్విచ్ దాకా వచ్చే వైర్లో కరెంటు ఉంటుంది, దాన్ని విద్యుత్ సంస్థ వాళ్లే వచ్చి ఆపాలి.

"కొన్నవాడు ఎలాగూ పడగొట్టి కడతాడు, ఇదంతా దండగ" అని మా బంధువులన్నారు. పడగొట్టేవాడైతే నిజంగానే బోర్డు మార్చక్కర్లేదు. కానీ పడగొట్టే దాకా అందులో ఎవరో ఒకరు అద్దెకుంటారు. మార్చే స్తోమతు లేకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పి ధరలో తగ్గించుకోవాలి, తప్పేం లేదు. నేను అమ్మేటప్పుడు మెగ్గర్ లెక్కలు, ఏ ఎంసీబీ ఏ గదిదో, ఏ లైను ఇంకా పాతదో రాసిన కాగితం కొన్నాయన చేతికిచ్చాను. దాని మీద ఆయన బేరం ఆడాడు కూడా, కొంత తగ్గించాను.

మీ పత్రికలో ఇళ్ల ప్రకటనల ఫారంలో "వైరింగ్, బోర్డు మార్చిన సంవత్సరం" అని ఒక గడి పెట్టగలరా? ఖాళీగా వదిలేసేవాళ్లు వదిలేస్తారు. కొనేవాళ్లు ఆ ఖాళీ చూసి ఫోన్‌లో అడుగుతారు.

ఇట్లు
మీ పాఠకుల్లో ఒకరు