బుజ్జమ్మకు, టెక్కలి నుంచి

బుజ్జమ్మా,

ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి "చూద్దాంలే" అని పెట్టేశాను. పక్కన మీ అమ్మ ఉంది. నీ ఉద్యోగమంటేనే దానికి టెన్షన్. అందుకే రాస్తున్నాను.

మీ క్వారీలో ఈ ఏడు తియ్యడానికి అనుమతి ఇచ్చిన రాయి పరిమాణం జనవరికే నిండిపోయేలా ఉందన్నావు. ఆపైన తీసే రాయిని వేస్టు కింద రాసెయ్యమన్నారట మీ ఓనరు. విజయనగరం వెళ్లినా అదే మాటన్నమాట!

నేను మేట్‌గా, అంటే కూలీల మీద మేస్త్రీగా చేరిన మొదటి క్వారీలో నీలం రాయి బాగా పడింది. మంచి రాయి హద్దు వైపు సాగింది. హద్దు నుంచి 7.5 మీటర్లు వదలాలని అందరికీ తెలుసు. ముందు ఒక మీటరు తిన్నాం, తర్వాత రెండు. చివరికి హద్దు రాయే జరిగింది. పగలు కోసిన రాతి దిమ్మలకి తెల్ల రంగుతో నంబర్లు, రాత్రి నంబరు లేకుండానే లారీలు. ఆ రంగు డబ్బా పట్టుకున్నది నేనే. నీకెప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు గనుల శాఖ వాళ్లు కొలతలకి వచ్చారు. గొయ్యి పొడవు, వెడల్పు, లోతు కొలిచి, లారీల పర్మిట్లలో రాసిన రాయి మొత్తంతో పోల్చి చూశారు. అంతే. జరిమానా ఓనరుకి, పస్తులు మాకు. నాలుగు నెలలు పని లేదు. మీ అమ్మ దిద్దులు తాకట్టుకి వెళ్లింది అప్పుడే.

వేస్టు అని రాస్తే సరిపోదమ్మా. పగిలిన రాయి ఉబ్బుతుంది, గోతిలో పట్టినదానికంటే గుట్టలో ఎక్కువ చోటు తీసుకుంటుంది. నువ్వు రాసినంత గుట్ట అక్కడ లేకపోతే ఏం చెబుతావు? దిమ్మ సంగతీ అంతే. 2.4 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, 1.2 ఎత్తు ఉంటే 4.32 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి సుమారు 2.7 టన్నులు వేసుకో, పదకొండున్నర టన్నుల పైమాటే. కాగితం మీద మూడు ఘనపు మీటర్లని రాస్తే కాటా ఒప్పుకోదు. మా రోజుల్లో టేపే, ఇప్పుడు డ్రోన్లు కూడా తిప్పుతున్నారు.

ఓనరుకి ఒక్క మాట చెప్పు. 2017 ఆగస్టులో ఒడిశా ఇనుము, మాంగనీసు గనుల కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ అనుమతిని మించి తీసిన ఖనిజం అక్రమమేనంది, దాని పూర్తి విలువ కట్టమంది. అంటే లాభం ఒక్కటే కాదు, తీసిన సరుకు ధరంతా పోతుంది. రాయి ఎక్కువ కావాలంటే దారి లేకపోలేదు. మైనింగ్ ప్లాను మార్పించుకుని, పర్యావరణ అనుమతిలో పరిమాణం పెంచుకోవాలి. నెలలు పడుతుంది కాబట్టి ఈ వారమే అడుగు, నోటితో కాదు, కాగితం మీద. ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. రోజువారీ పుస్తకంలో మాత్రం గోతిలోంచి ఎంత వచ్చిందో అంతే రాసుకో. ఆయనకి కోపం వస్తే రానీ. ఇల్లు ఇక్కడే ఉంది.

పలాస జీడిపప్పు కిలో, నా పాత టేపు బస్సులో వేస్తున్నాను. టేపు మొదట పది సెంటీమీటర్లు అరిగిపోయింది. పది అంకె దగ్గర పట్టుకుని కొలిచి, పది తీసెయ్యడం మర్చిపోకు.

మీ నాన్న